చెరువు కట్ట మీద బడి: ఒక వానాకాలం ఎట్లా నడపాలి

చదువును వలస పాలన నీడ నుంచి బయటికి తేవాలన్న మాట ఈమధ్య సభల్లో బాగా వినపడుతోంది. ఆ మాట ఎత్తినవాళ్లు సాధారణంగా ఇంగ్లీషు చదువే పెట్టాలన్న 1835 నాటి మెకాలే పత్రంతో మొదలుపెట్టి పాతకాలపు గురుకులాల దగ్గర ముగిస్తారు. ఈ రెంటి మధ్యా మన ఊరు ఎక్కడా తగలదు. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ సంగతి మాట్లాడాలంటే మెకాలే మనకు దూరపు చుట్టమే. ఇది నిజాం ఇలాకా. సర్కారు బడిలో పిల్లవాడికీ పుస్తకానికీ మధ్య మొదట అడ్డం నిలబడింది ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం దాకా ఒక దేశభాషలో చెప్పవచ్చని చేసి చూపించింది. అందుకోసం అనువాదాలకు ఒక శాఖనే నడిపింది. గొప్ప ప్రయోగం, కాదనలేం. కాకపోతే ఆ దేశభాష హన్మకొండ చుట్టుపక్కల నాట్లు వేసే ఇళ్లలో మాట్లాడేది కాదు. తెలుగు కావాలనుకున్నవాళ్లు సొంతంగా ఖాన్గీ (ప్రైవేటు) బడులు పెట్టుకున్నారు, చందాలు పోగేసి గ్రంథాలయాలు నిలిపారు. హన్మకొండ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904 నాటిది.

ఆ తర్వాత సర్కారు బడుల్లోకి తెలుగు వచ్చింది. 2022-23 నుంచి ఒకటో తరగతి మొదలు ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇన్నిసార్లు భాష మారినా మారనిది ఒకటుంది. ఊర్లో మనుషులకు తెలిసినదాన్ని బడి చదువుగా లెక్కపెట్టదు. జవాబు తప్పో ఒప్పో తేల్చే కుర్చీ ఎప్పుడూ ఊరి బయటే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో కాకతీయుల మీద ఇంకో రెండు పేజీలు పెంచినంత మాత్రాన ఆ కుర్చీ కదలదు. నేలను, నీళ్లను చూసి జవాబు తేల్చుకునే పని పిల్లల చేతికి వస్తే కొంచెం కదులుతుంది. అట్లాంటి పనికి మన దగ్గర చెరువును మించినది లేదు. కింద రాసేదంతా ఒక ఊరి చెరువు మీద, ఒక వానాకాలం పాటు, బడి వేళల బయట ఈ పని ఎట్లా చేయాలన్నదే.

పాత బడుల మీద మోజు ఉన్నవాళ్లకు ముందే ఒక మాట చెప్పాలి. 1823లో బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. 533 బడులు, 6,641 మంది పిల్లలు. అంటే బడికి సుమారు 12 మంది. అందులో ఆడపిల్లలు 60 మందే. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం ఆయనకు నచ్చాయి. పిల్లలు వల్లించే పద్యాల భాష వాడుకకు దూరమనీ, అర్థం తెలియకుండానే అప్పజెబుతారనీ కూడా రాశాడు. సీమ (ఇంగ్లండు) బట్ట వచ్చి నేతపని దెబ్బతిన్నదనీ, జనం పేదలవడం వల్లే బడులు తగ్గిపోయాయనీ ఒక ఈస్టిండియా కంపెనీ అధికారే రాయడం గమనించాల్సిన సంగతి. ఆ బడుల్ని తిరిగి తెచ్చుకుందామంటే ఊర్లో సగం మందికి అందులో చోటే లేదు. అక్కడి నుంచి తీసుకోవాల్సినవి రెండు: గుంపుకు పన్నెండు మంది అన్న కొలత, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతి.

పిల్లల్ని పోగేయడం కంటే ముందు చెప్పేవాళ్లను వెతకాలి. చెరువు సంగతి ఎక్కువ తెలిసిన మనిషి నీరటి. తూము ఎత్తేది, దించేది, ఏ మడికి ఎప్పుడు నీళ్లు పారాలో చూసేది ఆయనే. యాసంగికి నీళ్లు చాలనప్పుడు ఏ పొలాలకు ఇవ్వాలి, ఏవి బీడు పెట్టాలి అని చేసే తైబందీ లెక్క ఆయనకు నోటికి ఉంటుంది. చాలా ఊళ్లలో ఈ పని ఇప్పుడు పేరుకే మిగిలింది. నీరటి లేకపోతే ఆయన కొడుకో, కోడలో ఉంటారు, వాళ్లను అడగాలి. చేపలు పట్టే ముదిరాజు, బెస్త కుటుంబాలకు నీళ్ల కింద నేల ఎక్కడ లోతో, పూడిక ఎక్కడ పేరిందో తెలిసినంతగా కాగితం మీద నక్షా గీసిన ఇంజనీరుకు తెలియదు. రేవులో బట్టలుతికే అవ్వ నీళ్ల రంగు, వాసన చూసి ఈ నెల ఏం కలిసిందో చెబుతుంది. గొర్రెలు మేపేవాళ్లకు వాగు పుట్టిన చోటు నుంచి తెలుసు. ఆయకట్టు చివరి మడి రైతును మాత్రం అసలు వదలొద్దు. మొదటి మడి రైతు చెప్పే చెరువుకూ, చివరి మడి రైతు చెప్పే చెరువుకూ పోలికే ఉండదు. మట్టం చూడటం నేర్పడానికి ఇళ్లు కట్టే మేస్త్రి కావాలి.

వచ్చినవాళ్లకు పూట కూలి ఇవ్వాలి. ఉపాధి హామీ పనికి వచ్చే కూలి కంటే తగ్గకూడదు. బడిలో సారుకు జీతం, ఊరి పెద్దమనిషికి శాలువా అన్న పద్ధతి మనకు అలవాటైపోయింది. శాలువాతో పూట గడవదు, రెండోసారి ఆయన రాడు. ఈ ఖర్చు తప్ప మిగతా సామానంతా రెండు వేల రూపాయల లోపు అయిపోతుంది: 25 మీటర్ల పారదర్శక పైపు, 30 మీటర్ల టేపు, రెండు కర్రలు, గట్టి అట్ట ఉన్న పొడుగు రిజిస్టరు, పెన్సిళ్లు, ఖాళీ సీసాలు, మందుల దుకాణంలో దొరికే పది మిల్లీలీటర్ల సిరంజి, చిన్న డబ్బా ఎనామిల్ పెయింటు.

పిల్లలు 10 నుంచి 14 ఏళ్ల మధ్యవాళ్లు, పన్నెండు మంది. అందులో సగం ఆడపిల్లలు ఉండాలి. ఆదివారం పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా చాలు. ఆడపిల్లలు రాకపోతే కారణం వేళలోనే ఉంటుంది. ఆదివారం పొద్దున ఇంటి పని వాళ్ల మీద పడుతుంది, ఏడింటికి బదులు సాయంత్రం నాలుగింటికి పెడితే వస్తారు. బడి మానిపించి ఇక్కడికి తేవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు బడిలో ఉండటం 2009 విద్యా హక్కు చట్టం ఇచ్చిన హక్కు, దాన్ని మనమే కాజేసినట్టవుతుంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని రాసింది. ఊరి బడి సారు సుముఖంగా ఉంటే ఆ పది రోజుల్ని కూడా చెరువుకు తిప్పుకోవచ్చు. నీళ్లలోకి ఏ పిల్లా దిగకూడదు. కట్ట మీద ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, వాళ్లలో ఒకరికి ఈత వచ్చి ఉండాలి. మట్టి తవ్విన గుంతలు నీళ్లు నిండాక పైకి కనపడవు. ఇప్పుడు చెరువుల్లో అసలు ప్రమాదం అవే.

ఇక కులం సంగతి. చాలా ఊళ్లలో నీరటి పని దళిత కుటుంబాలది, ఒకప్పుడు అది వెట్టితో కలిసే ఉండేది. ఆ తెలివికి దండం పెడుతూ ఆ కట్టుబాటును మరిచిపోవడం మోసం. పెద్ద కులాల పిల్లలు ఆ ముసలాయన్ను ఇప్పటికీ పేరు పెట్టి ‘రా’, ‘పో’ అని పిలుస్తారు. మొదటి రోజే ఒక నియమం పెట్టాలి: చెప్పడానికి వచ్చిన ఎవరినైనా పిల్లలందరూ ‘తాతా’, ‘అవ్వా’, ‘కాకా’, ‘పెద్దమ్మా’ అనే పిలవాలి, ‘మీరు’ అనే మాట్లాడాలి. గుడి మండపంలో, పటేలు ఇంటి అరుగు మీద కూర్చోబెడితే కొందరు రారు. తూము దగ్గరో, పంచాయతీ ఆఫీసు ముందరో కూర్చోవాలి. తాగే నీళ్ల బిందె ఒక్కటే ఉండాలి. ఇదంతా చెప్పినంత తేలిక కాదు, ఒకరిద్దరు తల్లిదండ్రులు పిల్లల్ని మానిపిస్తారు. మానిపించనీయండి. హైదరాబాదులో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1910 ప్రాంతంలో ఆది హిందూ (దళిత) పిల్లల కోసం తెలుగు బడులు తెరిచింది ఇట్లాంటి ఊళ్లలో చోటు దొరకని పిల్లల కోసమే. నీరటి కొడుక్కి ఆ పని మళ్లీ అంటగట్టడం మన ఉద్దేశం కాదు. ఆయనకు తెలిసినది అందరి పిల్లలకూ రావాలి.

మే చివరి వారంలో, రోహిణి కార్తె ఎండల్లో, చెరువు అడుగంటినప్పుడు ఒక పొద్దున కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా నీరటితో నడవాలి. ఎండిన చెరువులో కనపడేది నిండిన చెరువులో కనపడదు. అడగాల్సినవి: ఈ చెరువుకు నీళ్లు ఏ వాగు నుంచి, పైన ఏ చెరువు మత్తడి (అలుగు) దుంకితే వస్తాయి? మన మత్తడి దుంకితే ఆ నీళ్లు కింద ఏ చెరువులో పడతాయి? శిఖం, అంటే చెరువు నిండితే మునిగే నేల, ఎక్కడిదాకా? కట్టకు గండి ఎప్పుడు, ఏ చోట పడింది? బుంగ (కట్టలోంచి నీళ్లు కారే బొక్క) ఎక్కడ పడుతుంది? వరంగల్ చుట్టూ ఉన్నవి గొలుసుకట్టు చెరువులు కాబట్టి మొదటి రెండు ప్రశ్నలకు జవాబు కోసం పిల్లలు పక్క ఊరికి పోవాల్సి వస్తుంది. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్ద చెరువుల పేర్లు పుస్తకంలో ఉంటాయి. తమ ఊరి కుంట నీళ్లు ఎక్కడికి పోతాయో మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు.

అదే నడకలో తూము స్తంభం మీద పెయింటుతో కొలత గీయాలి. తూము కింది కన్ను (నీళ్లు పోయే రంధ్రం) అడుగున సున్నా, అక్కడి నుంచి ప్రతి పది సెంటీమీటర్లకు ఒక గీత, ప్రతి మీటరుకు అంకె. నీళ్లు వచ్చాక కట్ట మీద నిలబడే చదవవచ్చు. దూరమైతే ఫోను కెమెరాతో దగ్గరికి లాక్కోవచ్చు. జూన్ దాటితే ఈ పని చేయలేరు, ఇంకో ఏడాది ఆగాల్సిందే.

మృగశిర మొదలయ్యే రోజున, అంటే జూన్ 8 ప్రాంతంలో, వానమాపకం పెట్టాలి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ కింద గోడ నిటారుగా మొదలయ్యే చోట కోసి, పై ముక్కను తలకిందులుగా లోపల గరాటులా దించాలి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, నీళ్లు పోసి, ఆ నీటిమట్టం దగ్గర సున్నా గీత పెట్టాలి. పక్కన స్కేలు అతికించి చదవమని చాలామంది చెబుతారు, కానీ ఈ సీసాలకు నడుము దగ్గర గాడులు ఉంటాయి, అక్కడ స్కేలు అబద్ధం చెబుతుంది. సున్నా గీతకు పైనున్న నీళ్లను సిరంజితో తీసి కొలవడమే నయం. మూతి వ్యాసం 11 సెంటీమీటర్లైతే వైశాల్యం 95 చదరపు సెంటీమీటర్లు, అంటే 9.5 మిల్లీలీటర్ల నీళ్లు ఒక మిల్లీమీటరు వాన. బడిలో చెప్పే వృత్త వైశాల్యం పాఠానికి ఇంతకంటే మంచి లెక్క దొరకదు. మీ సీసా మూతి వేరైతే అంకె మారుతుంది, మీరే కొలుచుకోండి.

సీసాను చెట్టుకు, గోడకు దూరంగా పెట్టాలి. చెట్టు ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరం. గాలికి పడకుండా మూడు రాళ్ల మధ్య, మేకలకు అందకుండా ముళ్లకంప లోపల ఉండాలి. చదవాల్సింది రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు, ఎందుకంటే వాతావరణ శాఖ లెక్క కూడా ఆ వేళకే. సెలవు రోజు, పండుగ రోజు పిల్లలు మరిచిపోతారు, మర్నాడు ఏదో అంకె వేసేస్తారు. దీనికి తిట్లతో మందు లేదు. రెండు ఇళ్ల దగ్గర రెండు సీసాలు పెట్టి, రెండు గుంపులు విడివిడిగా రాయాలి. చూడని రోజు ‘చూడలేదు’ అని రాస్తే మెచ్చుకోవాలి. ఖాళీ గడి ఉన్న రిజిస్టరును నమ్మవచ్చు, ప్రతి గడీ నిండినదాన్ని అనుమానించాలి. మండలంలో పెట్టిన ఆటోమేటిక్ కేంద్రం అంకె ఇంటర్‌నెట్‌లో దొరుకుతుంది. దానికీ మీ సీసాకూ తేడా వస్తే మీది తప్పని అనుకోవద్దు. మన దగ్గర ఉరుముల వాన ఈ ఊర్లో కురిసి పక్క ఊర్లో చినుకైనా పడకపోవడం మామూలే. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, అప్పుడే మోరంచపల్లి నీట మునిగింది. అంత వానకు ఈ సీసా పొంగిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో రాత్రి కూడా ఒకసారి కొలిచి, పారబోసి, రెండు అంకెలు కలపాలి.

రిజిస్టరులో గడులు ఇంగ్లీషు నెలల ప్రకారం కాకుండా కార్తెల ప్రకారం గీయాలి. రైతు ఇంట్లో విత్తనం మాట ఇప్పటికీ కార్తెతోనే నడుస్తుంది. సూర్యుడు 27 నక్షత్రాలను ఏడాదిలో చుట్టివస్తాడు కాబట్టి ఒక్కో కార్తె పదమూడున్నర రోజులు. అందుకే తిథులు జరిగినట్టు కార్తెలు జరగవు, ఆరుద్ర ఏటా జూన్ 22 దగ్గర, పునర్వసు జూలై 6 దగ్గర, పుష్యమి జూలై 20 దగ్గర వస్తాయి, ఒక రోజు అటూ ఇటూ. ఒక్కో కార్తెకు ఒక పేజీ: మొత్తం వాన, గాలి ఏ దిక్కు, ఊర్లో ఏం విత్తారు, చెరువు మట్టం, ఆ కార్తె మీద పెద్దవాళ్లు చెప్పిన సామెత. ‘ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు’, ‘చిత్త కురిస్తే చింతలు కాస్తాయి’ లాంటివి ఇంటింటికీ ఉంటాయి. సామెత నిలిచిందో తప్పిందో చివర్లో రాయాలి. తప్పినదాన్ని రాయకుండా దాచే గుంపులు ఉన్నాయి, పెద్దలకు అవమానమని. ఆ సామెతలు చెరువు కింద వరి, చెలకలో (మెట్ట నేలలో) జొన్న, ఆముదం ఉన్నప్పటివి. ఇప్పుడు చెలక నిండా పత్తి, మొక్కజొన్న. తప్పడానికి కారణం వెతకడం మొదలుపెడితేనే పాఠం మొదలవుతుంది.

ఒక పెద్ద వాన పడి, తూము మూసి ఉన్న వారం చూసుకుని ఈ లెక్క చేయించాలి. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే 4,047 లీటర్లు. చెరువు పైన నీళ్లు పారే నేల 500 ఎకరాలు, వాన 50 మిల్లీమీటర్లు అనుకుంటే పడింది 10.1 కోట్ల లీటర్లు. చెరువు నీళ్లు పరుచుకున్న మేర 60 ఎకరాలు, మట్టం 15 సెంటీమీటర్లు పెరిగితే చేరింది 3.6 కోట్ల లీటర్లు. అంటే పడినదాంట్లో నూటికి 36 పాళ్లు. మొదటి వానకు ఇది దాదాపు సున్నా వస్తుంది, నేల తాగేస్తుంది. నీరటి తాత ‘మొదటి వాన చెరువుది కాదు, భూమిది’ అంటే పిల్లలు తమ అంకెతో చూసుకుంటారు. ఇక్కడ రెండు చోట్ల తప్పు జరుగుతుంది. చెరువు పళ్లెంలా ఉంటుంది, మట్టం పెరిగేకొద్దీ పరుపు కూడా పెరుగుతుంది. మొదటి రోజు వైశాల్యాన్నే చివరిదాకా వాడితే నీళ్లు తక్కువ తేలతాయి. రెండోది, దేవాదుల లాంటి ఎత్తిపోతల కాలువతో నిండే చెరువైతే వానకూ మట్టానికీ పొత్తు కుదరదు, కాలువ వచ్చిన రోజులకు వేరే గడి పెట్టాలి.

అన్నిటికంటే ఊరికి పనికొచ్చేది కట్ట మట్టం చూడటం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువుల్ని బాగుచేయాలని తలపెట్టారు, చాలా చోట్ల కట్ట కూడా వేశారు. వేసిన మట్టి కుంగుతుంది. ట్రాక్టర్లు ఎక్కిదిగే చోట, పశువులు దిగే బాటలో ఇంకా ఎక్కువ కుంగుతుంది. సాధారణంగా కట్ట తల మత్తడి కంటే మీటరున్నర నుంచి రెండు మీటర్లు ఎత్తున ఉంటుంది. ఎక్కడైనా అది మీటరుకు తగ్గితే పెద్ద వరదకు నీళ్లు అక్కడి నుంచే దాటుతాయి, దాటిన చోట గండి పడుతుంది.

మేస్త్రి పైపుతో చేసే పని ఇది. బకెట్లో నీళ్లు పెట్టి పైపు ఒక చివర నుంచి నోటితో పీల్చి నింపాలి, చిటికెడు నీలిమందు కలిపితే మట్టం బాగా కనపడుతుంది. రెండు చివరలూ పక్కపక్కన పట్టుకుంటే నీళ్లు ఒకే ఎత్తులో నిలవాలి. నిలవకపోతే లోపల బుడగ ఉంది. పైపును పొడుగునా వేలితో కొట్టుకుంటూ పోతే బుడగ బయటికి వస్తుంది. సెంటీమీటర్లు గీసిన రెండు మీటర్ల కర్రలు రెండు తీసుకుని, ఒకటి మత్తడి గడప మీద, ఇంకొకటి కట్ట మీద నిలబెట్టాలి. నడిచేటప్పుడు రెండు చివరలూ బొటనవేలితో మూయాలి, నిలబడ్డాక రెండూ ఒకేసారి తీయాలి. ఒకటే తీస్తే నీళ్లు చిమ్మి మళ్లీ నింపుకోవాల్సి వస్తుంది, ప్రతి గుంపూ ఒకసారైనా ఈ పని చేస్తుంది. ఊగడం ఆగాక రెండు కర్రల మీదా అంకెలు చదివి తేడా రాయాలి. అక్కడి నుంచి కట్ట పొడుగునా ఇరవై మీటర్లకు ఒక చోటు. 400 మీటర్ల కట్టకు ఇరవై చోట్లు, రెండు ఆదివారాల పని. చివరికి మొదలుపెట్టిన చోటికే కొలుచుకుంటూ తిరిగి రావాలి. మొత్తం తేడా రెండు సెంటీమీటర్లు దాటితే ఎక్కడో తప్పింది. సగం పైపు ఎండలో, సగం నీడలో ఉన్నా తేడా వస్తుంది, పొద్దున ఎనిమిది లోపే చేయడానికి కారణం అదే. అంకెల్ని గ్రాఫు కాగితం మీద గీస్తే కట్ట ఎక్కడ కుంగిందో చదువు రానివాళ్లకు కూడా కనపడుతుంది. గ్రామసభలో ఆ కాగితం పెట్టాలి.

ఇక్కడొక హెచ్చరిక ఉంది. గ్రామ నక్షా పట్టుకుని శిఖం కొలవడం మొదలుపెడితే చెరువులోకి జరిగిన పొలాలు, ప్లాట్లు బయటపడతాయి. వాటి వెనక ఊర్లో బలమైనవాళ్లే ఉంటారు. పిల్లల చేత ఆ మాట చెప్పించకూడదు. రిజిస్టరులో కొలత మాత్రమే రాయాలి, పేరు రాయొద్దు. దాని మీద ఏం చేయాలో పెద్దవాళ్లు, మహిళా సంఘాలు, మత్స్య సహకార సంఘం తేల్చుకోవాలి. పిల్లల్ని ముందు నిలబెట్టి కొట్లాడటం పిరికితనం.

పూడిక మట్టి పరీక్ష తేలిక. ఎండబెట్టి, గడ్డలు బాగా నలిపి, రాళ్లు ఏరిన మట్టిని లీటరు సీసాలో మూడో వంతు పోసి, నీళ్లు నింపి, అర చెంచా బట్టల సబ్బుపొడి వేసి ఐదు నిమిషాలు ఊపాలి. ఒక నిమిషంలో దిగింది ఇసుక, రెండు గంటల్లో దిగింది ఒండ్రు, మర్నాటికి దిగింది బంక. చెలక మట్టి, రేగడి, పూడిక మూడింటినీ పక్కపక్కన పెడితే పూడిక దుబ్బ నేలకు ఎందుకు మేలో, రేగడిలో పోస్తే నీళ్లు ఎందుకు నిలుస్తాయో చెప్పాల్సిన పనిలేదు. గడ్డలు సరిగ్గా నలపకపోతే బంక కూడా ఇసుకలా అడుగుకు పోతుంది. రైతులైతే తడిమట్టిని పామి గాజులా వంచి చూస్తారు. విరగకుండా వంగితే బంక ఎక్కువ. ముందు ఆ పరీక్ష చేసి, తర్వాతే సీసా పెట్టండి.

బతుకమ్మ ముందు వారం గునుగు, తంగేడు పూలు ఎక్కడెక్కడ దొరికాయో ఆడపిల్లలు పటం గీస్తే గడ్డిమందు కొట్టిన చేన్లు ఆ పటంలో ఖాళీగా కనపడతాయి. ఈ పాఠం అమ్మలే చెబుతారు, మనం కల్పించుకోకపోతే చాలు.

ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు పోతే చెరువు కంటే భాష ముందు వస్తుంది. నిజాం సర్కారు మీద తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్ దగ్గర చనిపోయాక నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆ ప్రాంతానికి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి భాషలోనే, దేవనాగరి లిపిలో వాచకాలు అచ్చువేశారు. తిరుగుబాటు తర్వాత శాంతి కోసం సర్కారు చేసిన పని అది, ఆ సంగతి మరిచిపోకూడదు. అయినా గోండు పిల్లవాడు తన మాటతో చదువు మొదలుపెట్టవచ్చని ఎనభై ఏళ్ల కిందటే తేలింది. తర్వాత గుంజాల గ్రామంలో గోండి లిపి రాతప్రతులు బయటపడ్డాయి, 2018లో ఆ లిపికి కంప్యూటర్లలో లిపులకు ప్రమాణమైన యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇప్పుడు ఎవరైనా అక్కడ ఇట్లాంటి గుంపు నడిపితే రిజిస్టరు ఏ భాషలో, ఏ లిపిలో ఉండాలో ఆ ఊరే తేల్చుకోవాలి, వరంగల్ నుంచి పోయినవాళ్లు చెప్పకూడదు.

గుంపు చెడిపోయే దారులు కొన్ని ఉన్నాయి. పెద్దాయన కూర్చుని ‘మా కాలంలో’ అని ఉపన్యాసం ఎత్తుకుంటే పిల్లలు జారుకుంటారు. కూర్చోబెట్టకుండా నడిపిస్తూ, ఏదో ఒక వస్తువు చూపించి అడిగితే మాట సూటిగా వస్తుంది. ఎవరో ఒకరు సర్టిఫికెట్లు, బహుమతులు తెస్తారు. మర్నాటి నుంచి అంకెలు అందంగా మారిపోతాయి. ఫోటోలు ఎక్కువైతే నీరటి తాత తెల్ల పంచె కట్టుకుని రావడం మొదలుపెడతాడు, మట్టిలో చెయ్యి పెట్టడు. పిల్లల అంకె ఒకటి, పెద్దాయన మాట ఇంకొకటి అయినప్పుడు రెంటినీ పక్కపక్కన రాసి వదిలేయాలి, వచ్చే ఏడాది తేలుతుంది.

ఇంగ్లీషు గురించి తల్లిదండ్రులు అడుగుతారు, అడగడం న్యాయం. ఇంగ్లీషు వద్దని చెప్పే గుంపు రెండో ఆదివారానికే ఖాళీ అవుతుంది, ఆ మాట చెప్పేవాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో ఊరికి తెలుసు. సర్కారు పుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది. రిజిస్టరు కూడా అట్లాగే పెట్టవచ్చు. కుడి పేజీలో ఊరి మాటలో రాసుకున్నది, ఎడమ పేజీలో ఎనిమిదో తరగతి పిల్ల దాన్ని ఇంగ్లీషులో తిరగరాసుకున్నది. సొంతంగా కొలిచినదాన్ని రాసిన ఇంగ్లీషు బట్టీ పట్టిన వ్యాసం కంటే ఎక్కువ నిలుస్తుంది.

రిజిస్టరు పెన్సిలుతోనే రాయాలి, వానాకాలం తేమకు పెన్ను సిరా పాకుతుంది. కార్తె మారిన రోజు ప్రతి పేజీ ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచాలి. అసలు పుస్తకం ఊర్లో మహిళా సంఘం పెట్టెలో ఉండటం మేలు. పంచాయతీ ఆఫీసులో పెడితే కార్యదర్శి బదిలీ అయినప్పుడు దాని సంగతి ఎవరికీ తెలియదు. కట్ట మీద కొలిచిన ఇరవై చోట్లా రాయి పాతి పెయింటుతో అంకె వేయాలి. వచ్చే మే నెలలో కొత్త పన్నెండు మందికి పాత పిల్లలే పైపు పట్టడం నేర్పి, అవే రాళ్ల దగ్గర మళ్లీ కొలిపించాలి. పాత అంకెకూ కొత్త అంకెకూ ఐదు సెంటీమీటర్లకు మించి తేడా వచ్చిన రాయి దగ్గర ముందు పైపులో బుడగ ఉందేమో చూడాలి. బుడగ లేకపోతే కట్ట కుంగినట్టే, మృగశిరకు ముందే అక్కడ మట్టి పడాలి.